సీమకు ఇద్దరే

కనకశృంగ రాజ్యానికి రాజధాని తారాపురం. ఆ పూట తారాపురంలో ఇళ్లల్లో ఎవరూ లేరు. జనమంతా నది ఒడ్డున ఉన్న క్రీడాంగణం దారి పట్టారు. వీధుల్లో పన్నీరు చల్లి దుమ్ము అణిచారు. మేడల మీది నుంచి వేలాడదీసిన రంగు గుడ్డలు గాలికి ఊగుతూ, కింద నడిచే వాళ్ల తలపాగాలను లాగుతున్నాయి. క్రీడాంగణం చుట్టూ పాలరాతి మెట్లు. నడుమ ఏనుగు దంతంలా నున్నగా చిత్రిక పట్టిన టేకు దూలం. దాని వెనుక ఆకాశంలోకి లేచిన రెండు గడలు. ఆ గడల కొనలను కలుపుతూ వెండి తీగలతో పేనిన తాడు. ఎండ పడినప్పుడు ఆ తాడు, పైన ఇంకో సన్నని నది పారుతున్నట్టు మెరుస్తుంది.

ఉత్తరాన మేఘాలను పొడుచుకుని నిలబడింది సూదికొండ. దాని కొన మీద మంచుగిన్నె ఉంది. ఆ గిన్నెలోని నీటిబొట్టు ఒక్కటి పడితే చాలు, రాయైన ఒళ్లు తిరిగి మెత్తబడుతుంది. కొండ ఎక్కడానికి మాత్రం దారి లేదు. ఆ దూలం మీదా, గడల మీదా, తాడు మీదా ఆడే గడసాములో గెలిచిన అమ్మాయి మెడలో రాణిగారు నీలికలువల దండ వేస్తారు. ఆ దండ చూసి గండభేరుండ పక్షి దిగివచ్చి ఆమెను కొన మీదికి మోసుకుపోతుంది. మర్నాడు తెల్లవారాక మళ్లీ దింపుతుంది. ఇది తాతల కాలం నుంచి వస్తున్న ఆచారం.

ఆ బొట్టు కోసమే వచ్చింది తరళ. ఆమెది నల్లకొండ సీమ. గడలెక్కి బతికే వాళ్ల పిల్ల. పోయిన వేసవిలో పొగమాంత్రికుడు జటాధూమ్రుడు ఆమె ఊరి మీదుగా పోతూ విషపు పొగ వదిలాడు. ఆరుబయట పడుకున్న ఆమె చెల్లెలు కువలయకు ఆ పొగ సోకింది. పాదాలు రాయయ్యాయి. ఇప్పుడు మోకాళ్ల దాకా రాయే. బొట్టు దొరకగానే అందేలా ఆమెను సూదికొండ అడుగున ఒక గుడిసెలో ఉంచి వచ్చింది తరళ.

వడపోత నిన్ననే ముగిసింది. అన్ని సీమల పరీక్షకులూ కూర్చుని, ఆడిన ప్రతి అమ్మాయి బుట్టలోనూ పూలు వేశారు. ఎక్కువ పూలు వచ్చిన ఎనిమిది మంది తుదిపోటీకి రావాలి. నల్లకొండ అమ్మాయిలు మొదటి మూడు చోట్లూ కొట్టేశారు. మొదట వకుళ, తరువాత తరళ, మూడోది సామంతుడు కుంభీరవర్మ కూతురు హేమాంగి. కాని రాజ్యంలో ఒక నియమం ఉంది. తుదిపోటీలో సీమకు ఇద్దరే ఆడాలి. అందుకని హేమాంగి పక్కకు తప్పుకోవలసి వచ్చింది. ఆమె కన్నా ఎంతో తక్కువ పూలు తెచ్చుకున్న ఉప్పు సీమ అమ్మాయి ముత్యాలి కిందినుంచి ఎగబాకి ఎనిమిదో చోటులో నిలబడింది.

తుదిపోటీకి తప్పెట మోగబోయే ముందు, కుంభీరవర్మ తరళను తన విడిదికి పిలిపించాడు.

"కూర్చో తల్లీ," అన్నాడు. ఆయన ఎవరినీ తల్లీ అని పిలిచే మనిషి కాదు. తరళ కూర్చోలేదు.

"చిన్న పని. రాణిగారి వేదిక ముందుకు కుంటుకుంటూ వెళ్లి, కాలు మెలిక పడింది, నేను ఆడలేను అని చెప్పు. అంతే."

"నా కాలు బాగానే ఉంది ప్రభూ."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు. రాణిగారికి తెలియనక్కర్లేదు. ఇద్దరిలో ఒకరు తప్పుకుంటే అదే సీమలోని మూడో పిల్లకు చోటు వస్తుంది. ఎవరు తప్పుకున్నా తన నోటితో తనే వచ్చి చెప్పాలి. లేకపోతే నిన్ను ఇంత బతిమాలేవాణ్ని కాదు."

"అమ్మాయిగారు నాకంటే తక్కువ పూలు తెచ్చుకున్నారు."

"ఆ ఉప్పు పిల్ల కంటే ఎక్కువేగా! అదేం న్యాయం? ఎనిమిదోది ఆడుతుంది, మూడోది అరుగు మీద కూర్చుంటుంది. నువ్వే చెప్పు."

ఆ మాటలో నిజముంది. నిన్న పేర్లు చదివినప్పుడు హేమాంగి పెదవి కొరుక్కుని నిలబడటం తరళ కళ్లారా చూసింది.

"మా అమ్మాయే గెలుస్తుంది. నీ చెల్లెలికి బొట్టు తెస్తుంది. నీకేం నష్టం?" అన్నాడు సామంతుడు, గొంతు ఇంకా మెత్తగా చేసి.

"అయితే ఆ మాట అమ్మాయిగారే వచ్చి చెప్పమనండి. ఒప్పుకుంటాను."

కుంభీరవర్మ మొహం మారిపోయింది. కూతురికి ఈ సంగతే తెలియదని తరళకు అర్థమైంది. అప్పుడే తెర వెనుక ధూపం కుండలోంచి లేచిన పొగ దట్టమై, మెలికలు తిరిగి, జడలు విరబోసుకున్న మనిషి ఆకారం దాల్చింది.

"బేరం చాలించు వర్మా," అంది ఆ ఆకారం. "మంచుగిన్నె నాకు కావాలి. ఆ కొన మీది గాలికి నేను చెదిరిపోతాను. అందుకే మనిషి చేత తెప్పించుకోవాలి. నీ కూతురైతే తండ్రి చేతికి ఇస్తుంది. ఈ గడల పిల్ల ఇవ్వదు."

"జటాధూమ్రుడు!" అని అరిచి తరళ గుమ్మం వైపు దూకింది. ఆమె పాదం పడిన పలక సర్రున పక్కకు జరిగింది. కింద చీకటి. ఆ చీకట్లోకి ఆమె రాయిలా పడిపోయింది.

నీళ్లకు చేరకుండానే ఏదో ఆమెను పట్టుకుంది. బావి గోడల నిండా అల్లుకున్న ఉచ్చుతీగ అది. పచ్చగా, పాము ఒళ్లులా చల్లగా ఉంది. చేతులకు చుట్టుకుంది, నడుముకు చుట్టుకుంది. తరళ గింజుకుంది. గింజుకున్న కొద్దీ తీగ బిగిసి మణికట్ల దగ్గర తోలు లేచిపోయింది. కింద నల్లటి నీళ్లు కదిలాయి. రెండు ఎర్రటి కళ్లు తేలాయి. వాటి వెనుక గరుకు వీపు, దాని వెనుక తోక. మొసలి నోరు తెరిచి ఎదురుచూస్తోంది.

గడ నేర్పిన ఓబులమ్మత్త చిన్నప్పటి నుంచీ తిట్టిన తిట్టు ఒకటే. 'పడేటప్పుడు ఒళ్లు బిగించకే దయ్యమా! తడిగుడ్డలా అయిపో!' తరళ కళ్లు మూసుకుని ఊపిరి వదిలేసింది. భుజాలు జారవిడిచింది. వేళ్లు వదులు చేసింది. బిగిసే ఒంటిని పట్టుకునే తీగకు వదులైన ఒళ్లు దొరకలేదు. చుట్లు ఒకదాని తరువాత ఒకటి విడిపోయాయి. ఆమె జారింది.

జారుతూనే గాలిలో పిల్లిమొగ్గ వేసి, మూసుకోబోతున్న మొసలి మూతి మీద రెండు పాదాలూ మోపింది. అదిరిపడిన మొసలి తలను పైకి విసిరింది. తరళకు కావలసిందీ అదే. ఆ విసురుతో పైకి ఎగిరి, బావి గోడలో రాయి ఊడిన సందు పట్టుకుంది. ఒక గోడకు వీపు ఆనించి, ఎదుటి గోడకు పాదాలు తన్నిపెట్టి, ఉడుతలా పాకింది. వాన నీళ్లు పోయే తూములో దూరి, అవతల విడిది వెనుక వీధిలో తేలింది.

వీధి చివర కుంభీరవర్మ భటులు ఈటెలతో నిలబడి ఉన్నారు. "గడల పిల్ల కనిపిస్తే వదలకండి!" అని ఒకడు అరుస్తున్నాడు. తరళ చుట్టూ చూసింది. పక్కనే ఊరేగింపుకు వెళ్లే బుట్టబొమ్మలు వరసగా ఉన్నాయి. వెదురు బుట్ట చుట్టూ రంగు బట్ట చుట్టి, పైన కాగితపు గుజ్జుతో చేసిన తలలు పెట్టారు. లోపల మనిషి దూరి నడిస్తే బొమ్మ నడిచినట్టే ఉంటుంది. తరళ మీసాల రాజు బొమ్మ కింద దూరింది. లోపల అప్పటికే ఒకడున్నాడు.

"ఎవరే నువ్వు? నా రాజు కడుపులోంచి బయటికి నడు!" అన్నాడతను.

"గట్టిగా అరవకు అన్నా. ఈటెల వాళ్లు నన్ను చంపేస్తారు. క్రీడాంగణం దాకా తీసుకుపో."

"నువ్వు గడసాము పిల్లవు కదూ? నిన్న తాడు మీద తలకిందులుగా నడిచింది నువ్వే కదూ? అది చూసి మా ఆవిడ గుడ్లు అప్పగించడం ఇంకా మానలేదు." అతను కాస్త జరిగాడు. "సరే, నా అడుగులో అడుగు వెయ్యి. రాజుగారికి నాలుగు కాళ్లు కనిపిస్తే నవ్విపోతారు."

మీసాల రాజు వీధి వెంట ఊగుతూ నడిచాడు. ఈటెల భటుడొకడు బొమ్మకు దండం కూడా పెట్టాడు.

క్రీడాంగణంలోకి అడుగుపెట్టేసరికి తప్పెట ఆగిపోయి ఉంది. తరళ బుట్ట కంతలోంచి చూసింది. రాణి నీలవేణి వేదిక ముందు తనే నిలబడి ఉంది! అదే మొహం, అదే పచ్చ పావడా, అదే జడ. ఎడమకాలికి కట్టు. ఆ తరళ కుంటుతూ, "మహారాణీ, నా కాలు మెలిక పడింది. నేను ఆడలేను. నా చోటు మా సీమ మూడో అమ్మాయికి ఇవ్వండి," అంటోంది.

మెట్ల కింద నిలబడిన ఓబులమ్మ నెత్తి కొట్టుకుంటోంది. ముసలిదైనా గొంతు కంచు. "ఏందే తల్లీ ఇది! పొద్దున కోతిలా ఎగిరితివి. కాలికేమొచ్చె? నాతో ఒక్క మాటైనా అంటివా?"

తరళ ఇక ఆగలేదు. బుట్టబొమ్మను పైకి ఎత్తేసి, మూడు మొగ్గలు వేసుకుంటూ వేదిక ముందు వాలింది. "మహారాణీ, అది నేను కాదు! నేనే తరళను!"

జనం హాహాకారాలు చేశారు. ఓబులమ్మ ఒకసారి ఇటు చూసింది, ఒకసారి అటు చూసింది. "ఇద్దరు తరళలా! ఒక్కదానితోనే వేగలేక చస్తిని గదరా దేవుడా!"

కుంభీరవర్మ లేచి నిలబడ్డాడు. "మహారాణీ, బొమ్మలోంచి ఊడిపడినదే మాయ! అది జటాధూమ్రుడి పని. పట్టుకోండి దాన్ని!" భటులు అసలు తరళను పట్టుకుని చేతులు వెనక్కి విరిచారు. మణికట్ల మీద తోలు లేచి నెత్తురు కారుతోంది. ఎవరూ చూడలేదు.

రాణి నీలవేణి నుదురు చిట్లించింది. "ఇద్దరిలో ఎవరిది మాయో తరువాత తేలుస్తాం. కాలు చెడిందని ఈమె తన నోటితో చెప్పింది. ఆచారం ప్రకారం ముందు ఆమెను ఆవలికి చేర్చండి."

గడసాములో ఒక మర్యాద ఉంది. కాలు చెడిన అమ్మాయిని ఆమెతో పోటీ పడేవాళ్లే భుజాల మీద మోసి మైదానం దాటించాలి. ఆమె పాదం మళ్లీ నేలకు తగలకూడదు. నిన్నటి దాకా ఆమెను ఓడించాలని చూసినవాళ్లే ఇవాళ మోస్తారు. ఈ ఆచారం జటాధూమ్రుడు ఎప్పుడూ వినలేదు. వింటే ఆ కట్టు కట్టుకుని ఉండేవాడు కాదు.

వకుళ ఒక పక్క, ఉప్పు సీమ ముత్యాలి ఒక పక్క చేరి చేతులు పేనారు. మాయ తరళ వెనక్కి తగ్గింది. "వద్దు వద్దు, నేనే నడుస్తాను."

"బాగుందప్పా, సిగ్గు పడతాదే! రా, మేం దించెయ్యంలే," అని ముత్యాలి ఆమెను ఎత్తింది. గట్టిగా ఎత్తబోయింది కాబట్టి, తేలిగ్గా వచ్చేసిన ఆ ఒళ్లు ఆమె భుజం దాటి ఆవలికి పోయింది. ముత్యాలి కళ్లు పెద్దవి చేసుకుంది.

"ఓలమ్మో! ఈ పిల్లకి బరువే నేదు! ఒట్టి గాలిని మోస్తన్నట్టుంది!"

"నాకూ అంతే!" అని అరిచింది వకుళ. "సాము నేర్చుకునేటప్పుడు తరళను మోసుకుని నేను ఎన్నోసార్లు పరిగెత్తాను. దాని బరువు నాకు తెలియదా? ఇది తరళ కాదు!"

ఆ మాట అంటూండగానే వాళ్ల చేతుల్లోని మొహం మసకబారింది. పచ్చ పావడా బూడిద రంగుకు తిరిగింది. జడ విడిపోయి జడలైంది. ఓబులమ్మ అందరికన్నా ముందు తేరుకుంది. "పొగరా! విసనకర్రలు పట్టండే! ఊదండే!" అని కేకేసింది. మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్లంతా చేతిలో ఉన్నది పట్టుకుని లేచారు. విసనకర్రలు, చేటలు, కొంగులు, తలపాగాలు. వేలమంది ఒక్కసారి విసిరేసరికి జటాధూమ్రుడు చిందరవందరై, నలుపు పీలికలుగా నది మీదికి కొట్టుకుపోయాడు.

పోతూ పోతూ ఒక మాట విసిరాడు. "తరళా! నీ చెల్లెలి ఒంట్లో రాయి ఇక మెల్లగా పాకదు. ఇవాళ పొద్దు గుంకేసరికి దాని గుండె చేరుతుంది!"

భటులు తరళ చేతులు వదిలేశారు. ఓబులమ్మ వచ్చి ఆమెను పట్టుకుని, ఒళ్లంతా తడిమి, "ఉంది, బరువుంది. నా పిల్లే ఇది," అని భోరుమంది. జనం నవ్వారు. తరళకు మాత్రం నవ్వు రాలేదు. పొద్దు అప్పటికే పడమటికి ఒరుగుతోంది.

విడిదిలో సామంతుడు ఆడిన బేరం, బావి సంగతి అందరూ వినేలా గబగబా చెప్పి, "పోటీ మొదలుపెట్టించండి మహారాణీ," అంది.

కుంభీరవర్మ కత్తి లాగేసుకున్నారు. అయినా ఆయన తగ్గలేదు. "నన్ను దోషి అంటారా? ముందు మీ నియమం మాట చెప్పండి! నా కూతురు రాజ్యంలో మూడోది. ఆ ఉప్పు పిల్ల ఎనిమిదోది. మూడోది కూర్చుంటుంది, ఎనిమిదోది ఆడుతుంది. ఏ న్యాయం ఇది?"

మెట్ల మీద గుసగుసలు లేచాయి. చాలామంది తలలు ఊపారు.

ముత్యాలి ముందుకు వచ్చింది. అరచేతులకు బూడిద రాసుకుని ఉంది. "నాను ఎనిమిదో దాన్నేనండి. దాసుకోను. హేమాంగమ్మగారు నాకంటే బాగా ఆడతారు. కాని ఈ నియమం రాకముందు ఏటైంది? ఎనిమిది మందీ నల్లకొండ వాళ్లేనంట. మా అమ్మ కాలంలో మా ఉప్పు సీమలో గడ పాతడమే మానేసినారు. ఎక్కినా ఎవుడు సూస్తాడు, ఎక్కడికి పోతావు అన్నారు. సీమకు ఇద్దరని రాణిగారి అత్తగారు పెట్టాక మళ్లీ పాతినారు. అలాంటి గడ మీదే నాను ఎక్కినాను."

"మరి నా కూతురు?" అని గర్జించాడు కుంభీరవర్మ.

"నన్ను అడగండి నాన్నగారూ," అంది వెనుక నుంచి హేమాంగి. సాము బట్టల్లోనే ఉంది. నిన్నటి నుంచీ మార్చుకోలేదు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "నాకు అన్యాయం జరిగింది. నేను కాదనను. రాత్రంతా ఏడ్చాను. నియమం మార్చమని పోట్లాడాలంటే పోట్లాడండి. పోటీకి ముందు, రాణిగారి ఎదుట, అన్ని సీమల వాళ్లూ వింటుండగా పోట్లాడండి. పోటీ మధ్యలో తరళను బావిలోకి తోసి కాదు. మీరు తెచ్చిన చోటులో నేను దూలం ఎక్కితే నా పాదం నిలుస్తుందా?"

సామంతుడు కూతురి మొహం చూడలేక తల దించుకున్నాడు. భటులు ఆయనను తీసుకుపోయారు.

రాణి నీలవేణి లేచింది. "ఆట మొదలైన తరువాత నియమం మార్చడం కూడా అన్యాయమే. ఇవాళ్టికి సీమకు ఇద్దరే. వచ్చే పోటీకి ముందు అన్ని సీమల పరీక్షకులూ, ఆడే అమ్మాయిలూ ఇక్కడే కూర్చుని మాట్లాడతారు. ఎనిమిది చోట్లు చాలకపోతే పది చేద్దాం. ఎవరినీ తీసేయకుండా చేర్చే దారి చూద్దాం. ఆ మాట నేను ఇస్తున్నాను. హేమాంగీ, ఆ కూటంలో మొదట మాట్లాడేది నువ్వే."

హేమాంగి చేతులు జోడించింది. ఎన్నాళ్లుగానో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు జనమంతా ఒక్కసారి కదిలారు. తప్పెట మోగింది.

ప్రతి అమ్మాయికీ కింద ఒక కాపు నిలబడాలి. జారితే పట్టడానికి. ఓబులమ్మ పని అది. కాని ముసలమ్మ చేతులు ఇంకా వణుకుతున్నాయి. హేమాంగి వచ్చి ఆమెను పక్కకు జరిపింది. "నేను నిలబడతాను."

"మీరా అమ్మాయిగారూ?" అంది తరళ.

"నీ మణికట్లు చూసుకున్నావా? ఎవరో ఒకరు పట్టాలిగా. పైగా నీ తప్పులు నాకంటే బాగా ఎవరికి తెలుసు? నెలంతా వాటి కోసమే కాచుకుని కూర్చున్నాను."

తరళ నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదలు.

ముత్యాలి ముందు ఆడింది. దూలం మీద రెండుసార్లు తూలింది గాని, గడ మీద మాత్రం పడవ తెరచాపలా గాలికి వాలి నిలిచి, అందరి చేతా చప్పట్లు కొట్టించుకుంది. వకుళ తప్పు లేకుండా ఆడింది. ఆమె బుట్ట నిండిపోయింది. ఆ తరువాత తరళ.

దూలం మీద ఆమె పాదాలు నీళ్ల మీది ఆకుల్లా కదిలాయి. గడ ఎక్కుతుంటే మణికట్ల మంట మోచేతుల దాకా పాకింది. కొన మీద నడుము ఆనించి చక్రంలా తిరిగింది. అక్కడి నుంచి వెండి తాడు మీదికి దూకింది. తాడు నడుమ నిలబడి వెనక్కి మొగ్గ వేసింది. దిగుతున్న పాదం తాడు అంచుకు తగిలి జారింది.

"ఎడమకు వాలుతున్నావు! ఒళ్లు వదిలెయ్!" అని కింది నుంచి హేమాంగి అరిచింది.

తరళ వదిలేసింది. తాడు ఊగింది, ఆమె దానితో పాటు ఊగింది, నిలిచింది. నిలిచిన చోటి నుంచే రెండోసారి ఎగిరి గాలిలో రెండు మొగ్గలు చుట్టి, అవతలి గడ కొనను ఒంటి చేత్తో అందుకుంది. అలాంటిది ఆ రాజ్యంలో ఎవరూ చూడలేదు. కింద ఎత్తిన చేతులతో ఉన్న హేమాంగి చేతులు దించడం మరిచిపోయింది.

పరీక్షకులు పూలు ఎంచారు. వకుళ బుట్ట కన్నా తరళ బుట్ట బరువు తూగింది. ముత్యాలి ఐదోది అయ్యింది. "ఎనిమిది నుంచి ఐదుకి! మా ఊళ్లో ఇంకో గడ పాతుతారు సూడండి!" అంటూ ఆమె మైదానమంతా గంతులేసింది. వకుళ వచ్చి తరళను కావలించుకుని, "ఈసారి బరువుగానే ఉన్నావు," అంది.

నీలికలువల దండ మెడలో పడగానే ఆకాశం చీకటైంది. రెండు తలల గండభేరుండం పడవంత రెక్కలు ముడుచుకుని దిగింది. ఒక తల తరళ దండను వాసన చూసింది. ఇంకో తల జనాన్ని కోపంగా చూసింది. మరుక్షణం ఆమె దాని కాళ్ల మధ్య గాలిలో ఉంది. క్రీడాంగణం పళ్లెమంత అయ్యింది, నది దారమంత అయ్యింది. మేఘాలు ఒంటిని తడిపి వెనకపడ్డాయి.

సూదికొండ కొన ఒక చాప పరిచినంత చోటు. పక్షి ఆమెను అక్కడ దించి, చీకటి పడకముందే గూడు చేరాలని మళ్లీ ఎగిరిపోయింది. నడుమ నీలం రాతిలో మంచుగిన్నె ఉంది. నిండుగా ఉంది. జటాధూమ్రుడి చెయ్యి దానికి తగలలేదు. తరళ మోకాళ్ల మీద కూర్చుని, వెంట తెచ్చుకున్న వెదురు గొట్టంలోకి ఒక బొట్టు జారవిడిచి, మూత బిగించి, రవికెలో దాచుకుంది. అప్పటికి గాని ఆమెకు ఏడుపు రాలేదు. చెల్లెలు బతుకుతుంది. గాలి ఎంత బలంగా వీస్తోందంటే, ఇక్కడికి ఏ పొగా రాలేదు. ఆమె హాయిగా, గట్టిగా, వినేవాళ్లెవరూ లేరు కనుక సిగ్గు లేకుండా ఏడ్చింది.

కళ్లు తుడుచుకుని చూస్తే పడమటి కొండల మీద ఇంకా జానెడు పొద్దు మిగిలింది. పక్షి రేపు తెల్లవారితే గాని రాదు. కొండ అడుగున ఉన్న కువలయకు అంత వ్యవధి లేదు.

తరళ అంచు దాకా వెళ్లి కిందికి తొంగి చూసింది. నిట్టనిలువు రాయి. అక్కడక్కడ పగుళ్లు. ఒక పగులు వెంట నీటి చెమ్మ. దాని కింద ఎక్కడో మేఘంలో గోరంత ముళ్ల పొద ఒకటి గాలికి కొట్టుకుంటోంది. గెలిచినదాన్ని పక్షి ఎక్కించాలని ఆచారంలో ఉంది. గెలిచినది పక్షి మీదే దిగాలని మాత్రం ఎవరూ ఎప్పుడూ అనలేదు.

నడుముకు పావడా బిగించి కట్టింది. రాతి మీది దుమ్ము అరచేతులకు రాసుకుంది. ఒళ్లు వదులు చేసి, మొదటి పగులులోకి పాదం జార్చింది. పాదం నిలిచింది.